గోడ అవతలి పప్పుగుత్తి

పోయిన సోమవారం దాకా మా వంటింటి పై అరలో ఒక స్టీలు గిన్నె, దాని మూత ఉండేవి. అవి మావి కావు. గిన్నె అంచు కింద చుక్కలు చుక్కలుగా ఒక పేరు చెక్కి ఉంది. స్టీలు సామాన్లు కొన్నప్పుడు అంగట్లోనే చెక్కి ఇస్తారే, అలాంటిది. ఆ పేరు మా పక్కింటి అక్కది. సోమవారం తెల్లవారుజామున ఆమె చనిపోయింది. ఆ పేరు ఇక్కడ రాయబోవడం లేదు. ఆమెను నేను ఎన్నడూ పేరుతో పిలవలేదు, అక్కా అనే పిలిచాను. చివరి కొన్నేళ్ళు అలా కూడా పిలవలేదు.

మాది తోటపల్లి గూడూరు దగ్గర ఒక ఊరు. హైస్కూల్లో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ డైరీ రాస్తున్నాను. నా డైరీలో ప్రతి పేజీకీ మొదటి మాట ఆ రోజు ఇంట్లో వండిన కూర. తక్కిన లోకం దాని తర్వాతే. 'చుక్కకూర పప్పు. స్కూల్లో ఇన్‌స్పెక్షన్.' 'దోసకాయ పప్పు. వాన.' ఇలా ఉంటాయి నా పేజీలు. సాయంత్రం వరండాలో కూర్చుని రాసుకుంటుంటే అక్క గోడ మీదుగా తల పెట్టేది.

"ఏం చిత్రగుప్తుడా! ఈ పొద్దు నా పాపాలేమన్నా రాసినావా?"

"నీ పప్పు రాసినానక్కా."

"అయితే పుణ్యం పద్దులో రాయి. అందులో ఎక్కువేం ఉండవు నాకు."

ఆమె నవ్వితే పక్క వీధికి వినపడేది. నన్ను తమ్ముడూ అనేది, మా ఆవిడను మరదలా అనేది. మా ఆవిడ ఆమెను వదినా అనేది. మేము క్రైస్తవులం, వాళ్ళు వ్యవసాయం చేసుకునే హిందువులు. ఈ వరసలన్నీ ఆమె కలిపినవే. మేము ఆ వీధిలో ఇల్లు కట్టుకుంటున్నప్పుడే కలిపేసింది.

ఆ సంగతి చెప్పాలి. స్థలం కొలిపించినప్పుడు పాత బావి సరిగ్గా సరిహద్దు మీదికి వచ్చింది. సగం మాకు, సగం వాళ్ళకు. ఆ వీధికి మేమే మొదటి క్రైస్తవ కుటుంబం. బావిని తన వైపు కలుపుకుని గోడ పెట్టుకోమని ఆమెకు సలహా చెప్పినవాళ్ళున్నారు. నేను ఇటుకల పక్కన నిలబడి ఏం జరుగుతుందా అని చూస్తున్నాను. ఆమె కొంగు నడుముకు దోపుకుని వచ్చి మేస్త్రీతో అంది.

"బావి కాడ గోడ ఆపు మేస్త్రీ. నీళ్ళకు గోడేంది?"

ఆమె అన్నట్టే గోడ బావి దగ్గర ఆగి, మళ్ళీ అవతలి నుంచి మొదలైంది. ఇల్లు పూర్తయ్యాక మొదటి చేద ఆమే తోడి మా ఆవిడ బిందెలో పోసింది. మా చెంబు తీసుకుని, మా గడపలో కూర్చుని, గటగటా తాగింది. ఆ వీధిలో మా ఇంట్లో నీళ్ళు తాగిన మొదటి మనిషి ఆమె. మూతి తుడుచుకుంటూ మా ఆవిడతో ఆమె చెప్పిన మాట ఆ రోజు డైరీలో ఉంది.

"ఈ నీళ్ళలో పప్పు వెయ్యి మరదలా. నువ్వు గుత్తి ఎత్తుకునే లోపే వెన్నయిపోతాది."

అది నిజం. ఆ బావి నీళ్ళు అంత తియ్యగా ఉండేవి.

అక్క పప్పు మట్టి దాకలోనే వండేది. గంటెతో తీసి పలుకు నలిపి చూడటం ఆమె పద్ధతి కాదు. దాక మీద అరచెయ్యి అడ్డంగా ఆడించి, ఆ ఆవిరిని ముక్కు దగ్గరకు తెచ్చుకుని "ఉడికినాది" అనేది. మెదిపేటప్పుడు పప్పుతో మాట్లాడేది. "దా తల్లీ, దా, అయిపోయినాది, ఇంకొంచెం." చంటిపిల్లకు తలంటు పోస్తున్నట్టు ఉండేది ఆ గొంతు. మెదపడం అయ్యాక గుత్తిని దాక అంచుకు రెండుసార్లు తాటించేది. టక్, టక్. పప్పు అయిందని దానర్థం. మా ఆవిడ కూడా ఆ అలవాటు పట్టుకుంది. స్కూలు నుంచి భోజనానికి వచ్చేసరికి గోడకు అటోసారి, ఇటోసారి ఆ చప్పుడు వినిపించేది.

అక్క పప్పు ముందైతే గోడ అవతలి నుంచి కేక: "ఏం మరదలా, పొయ్యి కాడ నిద్రపోయినావా?"

మా ఆవిడది ముందైతే ఇటు నుంచి: "వదినా, ముసిలిదానివైపోయినావు. ఇంక గుత్తి కోడలికిచ్చేసేయ్!"

"నేను పోయినాకే ఇస్తాను. అప్పుడు దాని గుత్తి చప్పుడు కూడా నేను పైనుంచి వింటా ఉంటాను, చూస్కో."

ఆమె కూర్చుని అన్నం తినగా నేను చూడలేదు. పెరటి గుమ్మంలో నిలబడి, ఎడమ చేతిలో కంచం పట్టుకుని, బావి వైపు చూస్తూ తినేది. కూర్చుంటే ఒంటికి పట్టదని ఆమె నమ్మకం. కరివేపాకును కత్తితో కోస్తే కోపం. తిరగమోతలో వెల్లుల్లిని చితక్కొట్టకుండా వేసినవాళ్ళను మనుషుల్లో లెక్కపెట్టేది కాదు. పెళ్ళిళ్ళలో పప్పు నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "వీడెవడో ఇంట్లో పెళ్ళాంతో తగువులాడి వచ్చినాడు" అని వంటవాడి గురించి తీర్పు చెప్పేది.

అన్నిటికన్నా గిన్నె పట్టింపు ఎక్కువ. ఒకరింటి నుంచి కూర వచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపకూడదు. ఇది మా వైపు అందరికీ తెలిసిందే. కానీ అక్కకు అది చాలా పెద్ద సంగతి. గిన్నె వెనక్కి వచ్చిందంటే మూత తీసి ఏం వచ్చిందో చూడకుండా లోపలికి వెళ్ళేది కాదు. గుప్పెడు చక్కెర, నాలుగు చిక్కుడుకాయలు, ఒక నిమ్మకాయ, క్రిస్మస్ రోజుల్లో మా ఆవిడ నూనెలో వేయించి చేసిన గులాబీ పువ్వులు. ఏదో ఒకటి ఉండాలి. ఒకసారి ఇంట్లో చక్కెర లేక మా ఆవిడ ఇంత ఉప్పు వేసి పంపింది. గోడ అవతల పెద్ద గోల.

"మరదలా! ఉప్పు పెట్టొద్దు మే! ఉప్పు పెడితే ఇండ్లకు ఇండ్లు తగువులాడుకుంటాయి! రా, వచ్చి ఎత్తుకోని పో!"

మా ఆవిడ నవ్వుతూ వెళ్ళి ఆ ఉప్పు వెనక్కి తెచ్చుకుని, ఒక వంకాయ వేసి ఇచ్చింది. నేను దాన్ని కూడా రాశాను.

నేను రిటైరైన తర్వాతి సంగతి ఇంక. అక్క ఇంటి వెనక వాళ్ళ వరి చేను ఉంది. మా పెరట్లో నిలబడితే ముందు బావి, దాని వెనక ఆ చేను. ఆమె కొడుకు ఆ చేనును రొయ్యల గుంటకు లీజుకిస్తున్నాడని ఊళ్ళో మాట పుట్టింది. గుంటలో ఉప్పునీళ్ళు పెడతారని, చుట్టుపక్కల బావులు పోతాయని వీధిలో వాళ్ళు కంగారుపడి నా దగ్గరకు వచ్చారు. పది మంది కలిసి వెళ్ళి అడుగుదామన్నారు. "ముందు నన్ను అడగనివ్వండి" అన్నాను.

అక్క పెరట్లో గోంగూర ఒలుచుకుంటోంది. నేను అడగ్గానే చేతిలోది పక్కన పెట్టి నా కళ్ళలోకి చూసి చెప్పింది.

"మంచినీళ్ళ రొయ్యలంట తమ్ముడూ. బోరు నీళ్ళతోనే పెంచుతారంట. ఉప్పునీళ్ళ చుక్క రాదు. నువ్వు తాగే బావే గదా నేను తాగేది? నా బావిలో నేనే ఉప్పు పోసుకుంటానా?"

ఇంకేం అడుగుతాను? నీళ్ళకు గోడేంది అన్న మనిషి. బయటికి వచ్చి వీధిలో వాళ్ళకు అదే చెప్పాను. "ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు, నాది పూచీ" అన్నాను. నా మాట మీద వాళ్ళు వెనక్కి పోయారు. కొన్నాళ్ళకు చేను గుంటయింది. గుంటలో రొయ్యలకు గాలి అందించే చక్రాలు నీళ్ళను చిలకడం మొదలుపెట్టాయి. మా పెరటికి కొత్త వాసన అలవాటైంది. అక్క కొడుకు ఇంటికి రంగులు వేయించాడు.

తేడా మా నాలుకల కంటే ముందు పప్పుకు తెలిసింది. రోజూ తాగే నీళ్ళు రోజుకింత చొప్పున మారుతుంటే నాలుక కూడా వాటితోపాటే మారిపోతుంది. పప్పు అలా సర్దుకోదు. ఒక మధ్యాహ్నం మా వంటింట్లో గుత్తి చప్పుడు ఎంతకీ ఆగడం లేదు. వెళ్ళి చూస్తే మా ఆవిడ చెమటలు కక్కుతూ దాకను కాళ్ళ మధ్య ఇరికించుకుని మెదుపుతోంది. పప్పు దేనికది విడివిడిగా పలుకుల్లాగ ఉంది.

గోడ అవతలి నుంచి అక్క అడిగింది. "ఏం మరదలా, ఇంకా కాలా?"

"ఉడకలా వదినా. ఏం పప్పో ఏమో."

"పాత పప్పు అంటగట్టి ఉంటాడు అంగడోడు. చిటికెడు వంటసోడా వెయ్యి."

కాసేపటికి గోడ మీదికి గిన్నె వచ్చింది. అందులో ఆమె పప్పు. వెన్నలాగ ఉంది.

నేను పద్ధతి ప్రకారం పోయే మనిషిని. ముందు అంగడి మార్చాను. తర్వాత పప్పు మార్చాను. ముందే నానబెట్టి చూశాం. సోడా వేసి చూశాం. పప్పు సబ్బు వాసన కొట్టింది గానీ మెత్తబడలేదు. కట్టెల పొయ్యి మీద పెట్టి చూశాం. కుక్కరు కొన్నాం. కుక్కరు కూతలు కూసీ కూసీ ఊరుకుంది, పప్పు మాత్రం అలాగే ఉంది. అన్నీ ఒక్కొక్కటిగా మార్చి చూశాను. నీళ్ళు మాత్రం మార్చి చూడలేదు.

ఎందుకు చూడలేదంటే, దాదాపు రోజూ గోడ మీదికి గిన్నె వచ్చేది. రెండిళ్ళకూ అదే బావి, అదే అంగడి. అక్క గిన్నెలో పప్పు చూస్తే గుత్తి అక్కర్లేకుండానే మెదిగిపోయేలా ఉంది. ఇక తేడా ఎక్కడుంది? వండే చేతిలో ఉంది. పప్పు అంత సూటిగా సాక్ష్యం చెబుతుంటే బావిని ఎవరు అనుమానిస్తారు?

మా ఆవిడ తన చేతినే అనుమానించింది.

మా సంఘంలో ఏటా కోత పండగకు ఆరాధన అయ్యాక అందరికీ భోజనం పెడతారు. పప్పు మా ఆవిడ వంతు. పెళ్ళయి ఈ ఊరికి వచ్చినప్పటి నుంచీ ఆ వంతు ఆమెదే. ఇంట్లోనే పెద్ద దబరలో వండితే, ఇద్దరు మోసుకుపోయేవారు. ఆమె బంగారం పెట్టుకుని ఎరగదు, మంచి చీరల మీద ఆశ లేదు. ఆ ఒక్క రోజు పంక్తిలో వాళ్ళు "అమ్మా, ఇంకొంచెం పప్పు" అని ఆకు చూపిస్తే ఆమె మొహం చూడాలి. ఆ ఏడు కూడా వండింది. పొద్దున్నే మొదలుపెట్టింది, పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. పంక్తిలో ఎవరూ పెద్దగా ఏమీ అనలేదు. ఒక మనిషి మాత్రం, మంచివాడే, నవ్వించడానికి అన్నాడు. "ఏందమ్మగారూ, ఈసారి పప్పుకు బదులు గుగ్గిళ్ళు పెట్టినారే?" అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది. మరుసటి ఏడు నుంచి సంఘం వాళ్ళు వంటమాస్టరును పెట్టుకున్నారు. ఆమెను కష్టపెట్టడం ఎందుకని అన్నారు.

ఆ గుగ్గిళ్ళ మాట పడిన సాయంత్రం మా ఆవిడ బావి దగ్గర అంట్లు తోముతూ ఏడిచింది. అక్క గోడ ఆగిన చోటు నుంచి ఇవతలికి వచ్చి, పక్కన కూర్చుని, వీపు నిమిరింది. నేను వరండాలో ఉన్నాను. ఆమె అన్న ప్రతి మాటా విన్నాను.

"ఊరుకో మరదలా. వయసు మీద పడినాక ఎవురికైనా చేతిలో పస తగ్గుతాది. నీకు కొంచెం ముందు తగ్గినాది, అంతే. నేను లేనా? నీకు పప్పు నేను పంపిస్తా."

ఎంత మంచి మనిషి అనుకున్నాను. ఆ మాట కూడా రాసుకున్నాను.

తర్వాత కొన్నాళ్ళకు అక్కకు జ్వరం వచ్చింది. కోడలు పుట్టింటికి పోయి ఉంది. మా ఆవిడ మిరియాల చారు కాచి నా చేత పంపింది. అంతకుముందు రోజు వచ్చిన అక్క గిన్నె ఇంకా మా ఇంట్లోనే ఉంది. అందులో వేసి పంపడానికి మా ఆవిడకు అప్పుడు ఏమీ తట్టలేదు. "గిన్నె రేపిస్తానని చెప్పు" అంది. నేను చారు తీసుకుని వెళ్ళాను. అక్క నడవలో మంచం మీద పడుకుని ఉంది.

"ఆడ పెట్టు తమ్ముడూ, స్టూలు మీద."

స్టూలు మీద మందులు ఉన్నాయి. నేను వంటింట్లోకి నడిచాను. వెనక నుంచి ఆమె లేచి కూర్చున్న మంచం చప్పుడు వినబడింది.

"లోపలికి పోవద్దు! ఇట్టా నా చేతికియ్యి!"

ఆమె గొంతు ఎప్పుడూ లేనట్టుగా ఉంది. కానీ అప్పటికే నేను లోపల ఉన్నాను. పొయ్యి గట్టు కింద పాత చీర కప్పి ఏవో వరసగా పెట్టి ఉన్నాయి. చీర ఒక పక్క జారి ఉంది. దాని కింద నీళ్ళ క్యాన్లు. ఒకటి సగం వాడింది. దాని పక్కనే కడిగిన కందిపప్పు దాకలో ఆ నీళ్ళలోనే నానుతోంది.

చారు గిన్నె గట్టు మీద పెట్టాను. బయటికి వచ్చి ఆమె మంచం ఎదురుగా నిలబడ్డాను. ఎప్పటి నుంచి అని అడిగాను.

ఆమె దుప్పటి అంచు మడుస్తూ అంది. "గుంటలోకి ఉప్పు కాలవ నుంచి పైపు వేసినప్పటి నుంచి. మావోడు చెప్పినాడు, ఇంక ఆ బావి నీళ్ళు తాగొద్దమ్మా అని. ఈ క్యాన్లు చేను పక్క నుంచి తెచ్చి పెడతాడు, ఎవురూ చూడకుండా."

"మాకెందుకు చెప్పలేదక్కా?"

"చెప్తే ఊరంతా వచ్చి గుంట మీద పడతారు గదా తమ్ముడూ. నువ్వు పూచీ ఇచ్చుండావు గదా అని ఊరుకోనుండారు. మావోడు అప్పటికే దాంట్లో దిగినాడు. నేను చెప్పినా గుంట ఆగదు. చెప్పి మీ కాడ చెడ్డవడమెందుకులే అనుకున్నా."

"గుంట సంగతి పోనీ. నీళ్ళు చెడ్డాయని మా ఇద్దరికన్నా చెప్పొచ్చుగా. మేము ఎవరికి చెప్తాం?"

"చిత్రగుప్తుడివి, నువ్వు రాసుకోకుండా ఉంటావా?" అని నవ్వబోయింది. నేను నవ్వలేదు.

"నీ మరదలికి వయసు మీద పడిందని చెప్పినావే. చేతిలో పస పోయిందని. వీపు నిమురుతా చెప్పినావే."

ఆమె గోడ వైపు చూసి, నిజంగానే నాకు అర్థం కాలేదేమో అన్నట్టు, నెమ్మదిగా అంది.

"పప్పు పంపిస్తానే ఉండా గదా తమ్ముడూ, రోజూ."

ఆ మాట విన్నాక ఆ ఇంట్లో నిలబడలేకపోయాను. పెరటి వైపు నుంచి బయటికి వచ్చాను. గోడ ఆగిన చోట బావి. చేద వేసి తోడాను. దోసిట్లో పోసుకుని తాగాను. ఇన్నాళ్ళూ తాగిన నీళ్ళే, పొద్దున కూడా తాగిన నీళ్ళే. ఆ దోసెడు నోట్లో పోసుకున్నాకే ఉప్పు తెలిసింది.

ఇంటికి వచ్చి మా ఆవిడకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె కేకలు వేస్తుందనో, గోడ దగ్గరకు పోతుందనో అనుకున్నాను. వత్తులు చేస్తున్నట్టు కొంగు చివర మెలి తిప్పుతూ అంతా వింది. విన్నాక ఒక్కటే అడిగింది.

"మన గుత్తి చప్పుడు ఆమెకు వినపడతానే ఉండింది గదండీ, రోజూ?"

వినపడుతూనే ఉండింది.

మరుసటి రోజు మేమూ క్యాను తెప్పించాం. దాచకుండా, ముందు వాకిట్లోనే దింపించాం. ఆ నీళ్ళలో పప్పు పెట్టింది మా ఆవిడ. మెత్తగా ఉడికింది. తన చెయ్యి తనకు తిరిగి దొరికింది గానీ సంఘంలో వంతు మళ్ళీ అడగలేదు. నేను అడుగుతానంటే వద్దంది. "అడిగితే ఎందుకు ఉడకలేదో చెప్పాల. చెప్తే మా వదినే చేసిందని చెప్పాల. నేను చెప్పను" అంది. అప్పటికి ఇంకా వదినే.

వీధిలో మిగతా బావులు కూడా ఒకటొకటిగా పోయాయి. నేను కొట్టు దగ్గర కనబడితే నా పూచీ గుర్తుపెట్టుకున్నవాళ్ళు పలకరించేవారు. "ఏం సారూ, మీ అక్క రొయ్యలు మంచినీళ్ళే తాగతా ఉండాయా?" తల వంచుకుని వచ్చేసేవాణ్ణి.

అక్కతో తగువు పెట్టుకోలేదు. ఎదురుపడితే పక్కకు తప్పుకునే వాళ్ళం, అంతే. మా ఆవిడ పప్పు అయ్యాక గుత్తిని అంచుకు కొట్టడం మానేసింది. మెదిపి, నిశ్శబ్దంగా పళ్ళెంలో పెట్టేది. అక్క మాత్రం మానలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి గోడ అవతల టక్, టక్. కాసేపు ఆగి మళ్ళీ ఒకసారి, కొంచెం గట్టిగా. ఇటు నుంచి జవాబు కోసం అని మా ఇద్దరికీ తెలుసు. మా ఆవిడ అన్నం కలుపుకుంటున్న చెయ్యి ఆపి వినేది. తర్వాత మళ్ళీ కలుపుకునేది.

ఆ చివరి గిన్నె మా ఇంట్లోనే ఉండిపోయింది. ఖాళీగా ఇవ్వడానికి మా ఆవిడకు చెయ్యి రాలేదు, ఏదన్నా వేసి ఇవ్వడానికి మనసు రాలేదు. కడిగి పై అరలో పెట్టేసింది. ఒకసారి అక్క గోడ దగ్గరకు వచ్చి, చాలా రోజుల తర్వాత, గొంతు సవరించుకుని అడిగింది.

"మరదలా, నా గిన్నె ఒకటి ఉండిపోయినాది మీ ఇంట్లో."

ఆమె ఇంట్లో గిన్నెలకు కరువేం లేదు. గిన్నె కోసం అడగలేదని మాకు తెలుసు.

"బావి నీళ్ళలో పప్పు ఉడికినాక పంపిస్తా" అంది మా ఆవిడ, చీపురు ఆపకుండా.

అక్క వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. మళ్ళీ అడగలేదు. ఆ తర్వాత ఆమె కాళ్ళు పడిపోయి మంచం పట్టింది. గోడ అవతలి నుంచి గుత్తి చప్పుడు పోయి, కోడలి కుక్కరు కూతలు వినిపించసాగాయి. గుంట ఈ మధ్యనే ఎండబెట్టారు, రొయ్యకు తెగులు వచ్చిందని. చక్రాలు ఆగాయి. బావి మాత్రం అలాగే ఉంది.

సోమవారం మధ్యాహ్నానికల్లా దహనం అయిపోయింది. నేను శ్మశానం దాకా వెళ్ళి వచ్చాను. చావు జరిగిన ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగు వాళ్ళే అన్నం తీసుకుపోవాలి. నేను స్నానం చేసి వచ్చేసరికి మా ఆవిడ అన్నం, పప్పు వండి క్యారియర్లో సర్దింది. పప్పులో వెల్లుల్లి చితక్కొట్టి తిరగమోత పెట్టింది. తర్వాత స్టూలు వేసుకుని పై అర నుంచి గిన్నె దించింది. మళ్ళీ తోమింది. పొడిగుడ్డతో లోపలా బయటా తుడిచింది. మూత పెట్టి క్యారియరు పక్కన ఉంచింది.

"క్యారియరు వాళ్ళ పిల్లలకి. గిన్నె ఆమెది, ఇచ్చేసి రండి."

"గిన్నెలో ఏం పెట్టినావు?"

"ఏం పెట్టలా."

"ఇంత చక్కెరన్నా వెయ్యి. పోయిన మనిషి."

ఆమె నా వైపు చూసింది. "మీకు వెయ్యాలనిపిస్తే వెయ్యండి. నా చేత్తో నేను వెయ్యను."

చక్కెర డబ్బా పొయ్యి పక్కనే, నా చేతికి అందేంత దూరంలో ఉంది. దాని వైపు చూశాను. నేనూ వెయ్యలేదు.

అక్క కోడలు వాకిట్లోకి వచ్చి క్యారియరు అందుకుంది. గిన్నె చూడగానే ఆ అమ్మాయి కళ్ళు నిండాయి. పేరు చెక్కిన చోట బొటనవేలితో తడిమింది.

"అత్తమ్మ గిన్నె గదా మామా ఇది. అంటానే ఉండేది, మరదలు ఎప్పుడో ఒకప్పుడు గిన్నె పంపిస్తాది, ఏం పెట్టి పంపిస్తాదో చూడాలమ్మాయ్ అని. మొన్న నోట మాట సరిగా రాకుండా ఉన్నప్పుడు కూడా అడిగినాది, గిన్నె వచ్చినాదా అని."

అంటూనే మూత తీసింది. లోపలికి చూసింది.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆ అమ్మాయి మూత మెల్లగా పెట్టేసి, గిన్నెను పొట్టకు ఆనించుకుని పట్టుకుంది. నేను తల ఊపి వచ్చేశాను.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ వంటింటి గడపలో కూర్చుని ఉంది.

"మూత తీసిందా?" అని అడిగింది.

"తీసింది."

సరేనన్నట్టు తల ఊపింది. లేచి, మా ఇద్దరికీ కంచాలు పెట్టింది. తిన్నాం. పప్పు చాలా మెత్తగా ఉంది.

సాయంత్రం వరండాలో డైరీ తెరిచాను. గోడ మీదుగా తల పెట్టి అడిగేవాళ్ళు లేరు. మొదటి మాట ఎప్పటిలాగే 'పప్పు' అని రాశాను. వీధిలో ఎవరు చనిపోయినా పేరు, వేళ రాయడం నా అలవాటు. ఈసారి మాత్రం 'గిన్నె ఇచ్చేశాం' అని రాసి మూసేశాను.